వంగని చోటే చెక్కాలి

ప్రియమైన పిల్లలకు,

బలమున్నవాళ్లు కర్రను వంచి తాడు కడితే విల్లు తయారవుతుందని చాలామంది అనుకుంటారు. అలా కట్టిన కర్ర త్వరగానే విరుగుతుంది, లేదా వంగిన చోటే మళ్లీ మళ్లీ వంగి సత్తువ కోల్పోతుంది. విల్లు చేసేవారి పనిలో ఎక్కువ భాగం వేరే ఉంది. కర్రలో ఎక్కడ వంగకుండా మొండికేస్తోందో కనిపెట్టి, అక్కడ మాత్రమే పలచన చేయాలి.

నారిని, అంటే విల్లుకు కట్టిన తాడును, లాగినప్పుడు గురివైపున్న ముఖం సాగుతుంది, మనవైపున్న ముఖం ఒత్తిడికి కుదించుకుపోతుంది. మొదటిదాన్ని వీపు అనీ, రెండోదాన్ని పొట్ట అనీ పిలుద్దాం. చెట్టు ఏడాదికో వలయం చొప్పున లావెక్కుతుంది కదా! వీపు ఈ కొస నుంచి ఆ కొస వరకు ఒకే వలయం మీద ఉండాలి. కత్తి జారి ఆ వలయం తెగితే అక్కడ పీచు లేస్తుంది, విరగడం చాలాసార్లు అక్కడే మొదలవుతుంది. అందుకే వీపు తేలాక ఇక దాని మీద పనిముట్టు పెట్టకండి. చెక్కడమంతా పొట్ట వైపే.

యూ అనే చెట్టు కలపలో ఈ ఏర్పాటు సహజంగానే ఉంటుంది. బెరడు కింది తెల్లటి లేత చెక్క సాగడాన్ని, లోపలి చేవ ఒత్తిడిని బాగా ఓర్చుకుంటాయి. 1545లో మునిగిన ఇంగ్లండ్ యుద్ధనౌక మేరీ రోజ్ శిథిలాల్లో నూరుకు పైగా యూ విళ్లు దొరికాయి. వాటి వీపున లేత చెక్క, పొట్టన చేవ ఉన్నాయి.

చెక్కేటప్పుడు ఒక లెక్క మనసులో ఉంచుకోండి. వెడల్పు రెట్టింపైతే బిగువు, అంటే వంగకుండా ఎదురు నిలిచే గుణం, కూడా రెట్టింపే. మందం రెట్టింపైతే మాత్రం బిగువు 8 రెట్లవుతుంది. మందంలో పదో వంతు తీసేస్తే పావు వంతుకు పైగా బిగువు పోతుంది! బాడిసతో మొదలుపెట్టినా చివరి దశకు ఆకురాయి, ఆ తర్వాత గీకుడు రేకు చాలు.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం. గోడకు బిగించిన దిమ్మ మీద విల్లు పిడిని ఆనించి, నారికి తాడు కట్టి, కప్పీ మీదుగా లాగుతూ దూరం నుంచి చూడాలి. పిడికి అటూ ఇటూ ఉన్న రెండు రెక్కలూ ఒకేలా, నిండుగా వంగుతున్నాయా? తిన్నగా నిలిచిపోయిన చోట పెన్సిలుతో గీత పెట్టి అక్కడ గీకండి. తలుపు బందులా ఒక్కచోటే మడుస్తుంటే ఆ చోటును అసలు ముట్టుకోవద్దు, దాని అటూ ఇటూ గీకండి. గీకిన ప్రతిసారీ కొద్దికొద్దిగా 20, 30 సార్లు లాగి వదలాలి, ఎందుకంటే చెక్క తన మార్పును వెంటనే చూపదు. వంపు సరికాకముందే ఆత్రంగా పూర్తిగా లాగితే పొట్టలోని పీచు నలిగిపోతుంది. ఆ నలిగిన బలం తిరిగి రాదు.

కర్ర వంకరగా ఉన్నా, కొసలు ముందుకు తిరగాలన్నా ఆవిరి పట్టాలి. పీచును పట్టి ఉంచే లిగ్నిన్ వేడికి మెత్తబడుతుంది. అంగుళం మందానికి గంటసేపు ఆవిరి పడితే సుమారుగా సరిపోతుంది. బయటికి తీశాక తాత్సారం చేయకుండా అచ్చుకు బిగించి, పూర్తిగా చల్లారేదాకా వదిలేయండి. ఆ తర్వాత తేమ ఆరడానికి కొన్ని రోజులు పడుతుంది. తడి చెక్కను లాగి చూస్తే అది నారి వైపు వంగి శాశ్వతంగా అలాగే ఉండిపోతుంది. కత్తి, ఆవిరి పనులు పెద్దవాళ్లు పక్కన ఉన్నప్పుడే చేయండి.

పూర్తయిన విల్లును బాణం లేకుండా లాగి వదలకండి. బాణంలోకి పోవాల్సిన శక్తి అంతా విల్లులోకే తిరిగొచ్చి దాన్ని చీల్చేయగలదు. వాడనప్పుడు నారి ఒక కొస నుంచి దించి ఉంచండి.

ప్రేమతో,
మీ తాతయ్య