యుద్ధ విమానాల బొమ్మలు: సంతకం చూసి పెయింటింగ్ ధర పెట్టకండి

బొమ్మలకు పటం కట్టడం, పాడైన కాగితాన్ని బాగుచేయడం నా పని. ఉండేది ఇంగ్లండ్‌లో కాబట్టి రెండో ప్రపంచ యుద్ధంలో, 1940లో పోరాడిన బ్రిటిష్ ఫైటర్ విమానాలు స్పిట్‌ఫైర్లు, హరికేన్ల బొమ్మలు తరచూ నా బల్ల మీదికొస్తాయి. ఈమధ్య ఇక్కడి తెలుగువాళ్లు కూడా వేలంలో కొంటున్నారు. కొన్నాక అందరిదీ ఒకటే ప్రశ్న: "పైలట్ల సంతకాలున్నాయి కదా, ఇది ఒరిజినల్ పెయింటింగేనా?"

అపోహ: పైలట్లు సంతకం పెట్టారంటే ఒరిజినల్ పెయింటింగే.

వాస్తవం: కాదు. బజారులో దొరికే సంతకాల బొమ్మలు దాదాపు అన్నీ ప్రింట్లే. చిత్రకారుడు వేసేది ఒక్క బొమ్మ. దాన్ని ఆఫ్‌సెట్‌లో వందల కాపీలు అచ్చువేస్తారు. కింది తెల్ల మార్జిన్‌లో చిత్రకారుడు, అప్పటికి బతికున్న పైలట్లు పెన్సిల్‌తో సంతకం పెడతారు. పక్కన 214/850 అని ఉంటే అలాంటివి 850 ఉన్నాయని అర్థం. ఒరిజినల్‌కు ఆ నంబరుతో పనేముంది?

డబ్బు కట్టకముందే పదిరెట్ల భూతద్దంతో ఆకాశం భాగం చూడండి. నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలు కనిపిస్తే అది అచ్చు. కాన్వాస్ మీద ప్రింట్ వేసి, పైన పారదర్శకమైన జెల్‌ను బ్రష్‌తో పూసేవాళ్లున్నారు. తడిమితే గరుగ్గా తగులుతుంది, నమ్మేస్తాం. లైటు పక్కనుంచి వేసి చూడండి. బ్రష్ గీతలు విమానం రెక్క అంచును పట్టించుకోకుండా అడ్డంగా పోతుంటే ఆ పూత బొమ్మకు సంబంధం లేనిది.

సంతకాన్నీ ఇలాగే చూడాలి. పెన్సిల్‌ది అయితే ఏటవాలు వెలుతురులో మెరుస్తుంది, కాగితం కాస్త నొక్కుకుని ఉంటుంది. అచ్చయిన సంతకంలో ఆ మెరుపు ఉండదు. తేదీలు కూడా సరిచూసుకోండి. పేరుమోసిన బ్రిటిష్ ఫైటర్ పైలట్ డగ్లస్ బాడర్ 1982లో చనిపోయారు. ఆ తర్వాత అచ్చయిన ప్రింట్ మీద ఆయన సంతకం ఉందంటే అదీ అచ్చయినా అయ్యుండాలి, విడి కాగితం మీది సంతకాన్ని మౌంట్‌లో, అంటే బొమ్మ చుట్టూ పెట్టే అట్టలో, అమర్చయినా ఉండాలి. రెండూ కాకపోతే దొంగ సంతకమే.

ఒక తెలుగబ్బాయి వాళ్ల నాన్న కోసం ఇలాంటి సంతకాల బొమ్మే కొన్నాడు. ఆయన మన ఎయిర్‌ఫోర్స్‌లో టెక్నీషియన్‌గా రిటైరయ్యారు. చుక్కలు చూపించగానే అబ్బాయి ముఖం వాడిపోయింది. "మొత్తం మోసమేనా అన్నా?" అన్నాడు. కాదు తమ్ముడూ, ప్రింట్ అసలైనదే, ముగ్గురు పైలట్ల సంతకాలూ పెన్సిల్‌వే, కాకపోతే నువ్వు ప్రింటుకు పెయింటింగ్ ధర పెట్టావని చెప్పాను. ప్రకటనలో "ఒరిజినల్ సంతకాలు" అని ఉంది, కంగారులో ఇతను "ఒరిజినల్" వరకే చదివాడు. ఇలా టెన్షన్ పడుతూ వచ్చేవాళ్లను చూస్తే బాధేస్తుంది. తెలిసీ తెలియకుండా "సంతకముంటే లక్షలే" అని వీడియోలు పెట్టేవాళ్ల మీదే నా కోపమంతా.

వాళ్ల నాన్నగారు వీడియో కాల్‌లో బొమ్మ చూసి అడిగిన ప్రశ్న వేరు. "బాబూ, ఒక రెక్క కింద నలుపు, ఇంకో రెక్క కింద తెలుపు వేశారేంటి? తప్పు కాదూ?" తప్పు కాదు. యుద్ధం మొదట్లో బ్రిటిష్ ఫైటర్లకు ఎడమ రెక్క అడుగున నలుపు, కుడి రెక్క అడుగున తెలుపు వేసేవారు. నేల మీది ఫిరంగుల వాళ్లు సొంత విమానాన్ని గుర్తుపట్టి కాల్చకుండా ఉండటానికి ఆ ఏర్పాటు. 1940 జూన్‌లో అది మానేసి లేత ఆకుపచ్చ ఛాయకు మారారు. అదే ఏడాది సెప్టెంబరు పోరాటమని చెప్పే బొమ్మలో ఈ నలుపు, తెలుపు కనిపిస్తే అప్పుడు అనుమానించండి.

మిగతావి చకచకా చెప్పేస్తాను. నంబరు చిన్నదైతే అచ్చు బాగుంటుందనేది వట్టి మాట, నంబర్లు వేసేది అచ్చయ్యాకే. సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన ప్రింట్ పెయింటింగ్ అయిపోదు. మార్జిన్‌లో చిత్రకారుడు స్వయంగా చిన్న పెన్సిల్ బొమ్మ వేసి ఉంటే మాత్రం దానికి విలువుంది, అది చేత్తో గీసిందే. స్పిట్‌ఫైర్ అయితేనే కొనాలనీ లేదు. 1940లో బ్రిటన్ మీది గగన పోరాటంలో ఎక్కువ శత్రు విమానాలను కూల్చింది హరికేన్లు. బ్రిటిష్ వైమానిక దళంలోని ఫైటర్ల విభాగమైన ఫైటర్ కమాండ్‌కు దక్కిన ఒకే ఒక్క విక్టోరియా క్రాస్ (బ్రిటన్‌లో అత్యున్నత శౌర్య పతకం) కూడా హరికేన్ నడిపిన జేమ్స్ నికల్సన్‌దే.

పటం కట్టించేటప్పుడు ఫ్రేము చిన్నదైందని మార్జిన్ కత్తిరించనివ్వకండి, వెనక జిగురుతో అట్టకు అతికించనివ్వకండి. కిటికీకి ఎదురుగా వేలాడదీయకండి. పెన్సిల్ సంతకం వెలిసిపోదు, కానీ ఎండకు బొమ్మలోని పసుపు, గులాబీ ముందు పోయి అంతా నీలంగా మిగులుతుంది. అలా పోయిన రంగును ఎవరూ తిరిగి తేలేరు.