కలంకారీ పేరు ఎక్కడ జారిపోయింది?

ప్రింటు చీరలను కలంకారీ పేరుతో అంటగడుతున్నారన్న గొడవ మళ్లీ రాజుకుంది. శ్రీకాళహస్తిలో రోజుల తరబడి కూర్చుని వేసిన బొమ్మను ఎవరో ఫోన్‌లో ఫోటో తీసుకుపోతారు. ఎక్కడో మిషన్ మీద వందల మీటర్లు కొట్టి, అదే పేరుతో కారుచౌకగా అమ్మేస్తారు. కళాకారుల బాధ ఇది. ఒక ఊరి సరుకు పేరును బయటివాళ్లు వాడుకోకుండా కాపాడే భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది కదా, కేసు పెట్టరేం అని చాలామంది అడుగుతున్నారు. ఆ గుర్తింపు వచ్చింది 2005-06లో. చిక్కుముడి మాత్రం అంతకు యాభై ఏళ్ల ముందే పడింది.

గోల్కొండ సుల్తానులు, బందరు (మచిలీపట్నం) రేవు, డచ్చి ఓడల కథ చాలాసార్లు చదివిందే కాబట్టి వదిలేద్దాం. అందులోంచి ఒక్క సంగతి చాలు. ‘కలంకారీ’ మన మాట కాదు, పారశీకం నుంచి వచ్చింది. కలంతో చేసే పని అని అర్థం. తెలుగులో ఈ పనులకు విడివిడిగా పేర్లుండేవి. కాళహస్తిలో కలంతో గీసేది వ్రాతపని. బందరు, పెడన వైపు చెక్క అచ్చులతో చేసేది అద్దకం. ఏది ఏదో పేరు వినగానే తెలిసిపోయేది.

వ్రాతపని ఎంత ఓపిక పనో తెలియకపోతే ఈ గొడవలో వేడి అర్థం కాదు. ముందు గుడ్డను కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరేస్తారు. పాలలోని కొవ్వు వల్ల గీత పక్కకు పాకదు. కొత్త కలంకారీ గుడ్డ ముక్కు దగ్గర పెట్టుకుంటే వచ్చే ఆ పాలవాసన ఇక్కడిదే. కాల్చిన చింతపుల్ల బొగ్గుతో బొమ్మ గీసుకుని, కలం పడతారు. మొన చెక్కిన వెదురు పుల్లకు గుడ్డ చుట్టి, దారంతో బిగించి కడితే అదే కలం. ఆ గుడ్డ చుట్ట రంగును పీల్చుకుని ఉంటుంది, వేలితో నొక్కితే మొనలోకి దిగుతుంది. నలుపు కోసం ఇనుప తుక్కు, బెల్లం నీళ్లలో వేసి వారాల తరబడి పులియబెడతారు. ఆ నీళ్లు చూడ్డానికి పెద్ద నల్లగా ఉండవు. కరక్కాయ ఎక్కిన గుడ్డకు తగలగానే గీత నల్లబడుతుంది. ఎరుపు ఇంకా విచిత్రం. ఎర్రగా రావాల్సిన చోట ముందు రాసేది పటిక నీళ్లే. తర్వాత మంజిష్ఠ లాంటి మొక్కల వేళ్లతో గుడ్డను ఉడికిస్తే, పటిక ఉన్నచోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. నడుమ నడుమ పారే నీటిలో ఉతకాలి. నిలవ నీటిలో ఉతికితే ఊడిన పటిక పక్కకు అంటుకుని మరకలు పడతాయి. అందుకే ఈ పని స్వర్ణముఖి ఒడ్డున బతికింది.

ఇప్పుడు అసలు మలుపు. 1950లు వచ్చేసరికి గుళ్ల నుంచి, జమీందార్ల నుంచి అడిగేవాళ్లు లేక కాళహస్తిలో వ్రాతపని దాదాపు ఆరిపోయింది. చేయి తిరిగినవాళ్లు కొద్దిమందే మిగిలారు. కమలాదేవి చటోపాధ్యాయ సారథ్యంలోని అఖిల భారత హస్తకళల మండలి చొరవతో 1957-58 ప్రాంతంలో ఆ ఊళ్లో శిక్షణ కేంద్రం పెట్టారు. జొన్నలగడ్డ లక్ష్మయ్య అక్కడ గురువు. 2008లో పద్మశ్రీ అందుకున్న గురప్పచెట్టి ఆయన కొడుకే. కొన్ని ఇళ్లలో మాత్రమే ఉన్న విద్య ఆ కేంద్రం వల్ల బయటి పిల్లలకు అందింది. తర్వాత్తర్వాత ఆడవాళ్లు పెద్ద సంఖ్యలో ఈ పనిలోకి వచ్చారు. ఆ కేంద్రం లేకపోతే ఈ రోజు గొడవ పడటానికి కళే ఉండేది కాదు, ఆ రుణం కాదనలేం.

కానీ ఆ ఉద్ధరణలోనే పేరు జారింది. ఢిల్లీలో, ఎంపోరియాల్లో అమ్మకానికి పెట్టాలంటే అందరికీ తెలిసే ఒక పేరు కావాలి. వ్రాతపని, అద్దకం అనే మాటలు తెలుగునాడు దాటి ఎవరికీ పలకవు. రెండింటినీ కలిపి కలంకారీ అన్నారు. ‘కలంకారీలో రెండు శైలులు, కాళహస్తి శైలి, మచిలీపట్నం శైలి’ అన్న వాక్యం కరపత్రాల్లో, పాఠాల్లో పాతుకుపోయింది. అచ్చు వేసినదీ కలంకారీయే అని ప్రభుత్వమే ఒప్పుకున్నాక, టేకు అచ్చు స్థానంలో స్క్రీన్ ప్రింటు వచ్చినా, దాని స్థానంలో డిజిటల్ ప్రింటు వచ్చినా ఇది కాదు అని ఎవరు అడ్డు పడగలరు? నా దృష్టిలో ఇవాళ్టి చిక్కు అంతా ఇక్కడే ఉంది.

పెడన వాళ్లూ ఊరుకోరు. ఇరాన్‌లోని ఇస్ఫహాన్‌లో ఈనాటికీ కలంకార్ అంటే అచ్చులతో వేసిన గుడ్డేనని చూపిస్తారు, అది నిజం. వాళ్లది కూడా చేతిపనే. స్క్రీన్ ప్రింటు ముందుగా దెబ్బ తీసింది వాళ్లనే.

ఇక చట్టం సంగతి. భౌగోళిక గుర్తింపుల చట్టం 1999లో చేశారు, 2003 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. తప్పుడు గుర్తింపు వాడితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా. చదివితే ధైర్యంగానే ఉంటుంది. కానీ రిజిస్టరైన పేరు ‘శ్రీకాళహస్తి కలంకారీ’. ముందున్న ఊరి పేరు తీసేసి, ఉత్త ‘కలంకారీ ప్రింటు’ అని అట్ట మీద రాసుకుంటే పట్టుకోవడం కష్టం. పైగా ఆ పేరు మీద హక్కు చూపించాలంటే కళాకారులు అధీకృత వినియోగదారులుగా విడిగా నమోదు కావాలి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నేల మీద గుడ్డ పరుచుకుని వంగి కూర్చునే మనిషికి ఆ కాగితాలు, ఆ కోర్టు వాయిదాలు, ఆ టెన్షన్ ఎంత దూరమో చెప్పక్కర్లేదు. ఒకప్పుడు రామాయణం మొత్తం వేసి, బొమ్మల కింద తెలుగులో కథ రాసిన తెరలు గుళ్లలో వేలాడేవి. పని చీరలు, బ్లౌజుల మీదికి వచ్చాక డిజైన్ కాజేయడం ఇంకా తేలికైంది.

ఇప్పుడు బట్టల షాపులో అడిగితే ‘ప్రింటెడ్ కలంకారీ కావాలా, పెన్ కలంకారీ కావాలా’ అంటున్నారు. కలమన్నా పెన్నన్నా ఒకటే. చేత్తో వేసి అమ్మే కాళహస్తి వాళ్లు కూడా చీర మీద ‘పెన్ కలంకారీ’ అనే రాసుకోవాల్సి వస్తోంది.