షేర్వుడ్ అడవిలోకి ఎవరెప్పుడు వచ్చారు

స్నిగ్ధకూ, వరుణ్‌కూ,

మీరు రైలెక్కి నాలుగు రోజులైంది. ఇల్లంతా బోసిగా ఉంది. వెళ్లేముందు రాత్రి మనం చూసిన, అడవిలో ఉంటూ ఉన్నవాళ్లను దోచి పేదలకు పంచే ఆ రాబిన్ హుడ్ సీరియల్ రెండో సీజన్ ఆఖరి ఎపిసోడ్ సంగతి ఇంకా తేలలేదు కదా, అందుకే ఈ ఉత్తరం. ఫోన్‌లో చెబితే వరుణ్ మధ్యలో పది ప్రశ్నలు వేస్తాడు, అసలు సంగతి ఎక్కడో పోతుంది.

రాబిన్ ప్రేమించిన మారియన్‌ను ఆ విలన్ గై కత్తితో పొడిచినప్పుడు స్నిగ్ధ ఏమందో నాకు బాగా గుర్తుంది. "అసలు కథలో మారియన్ చచ్చిపోదు కదా తాతయ్యా, చంపడానికి వీళ్లెవరు?" అంది, అన్నం కంచం పక్కకు నెట్టేసి. ఆ పూట నేనేమీ అనలేదు. ఇప్పుడు చెబుతున్నా, కోప్పడకు. అసలు కథలో మారియన్ చచ్చిపోకపోవడం నిజమే. ఎందుకంటే అసలు ఆ కథలో మారియన్ లేనే లేదు.

మనం చూసింది బీబీసీ వాళ్లు 2006 నుంచి 2009 దాకా తీసిన రాబిన్ హుడ్. మూడు సీజన్లు, ముప్ఫై తొమ్మిది ఎపిసోడ్లు. షేర్వుడ్ అంటూ చూపించిన ఆ అడవి ఇంగ్లండులోది కాదు, హంగరీలోది. షూటింగ్ జరుగుతుండగా అక్కడ తీసిన టేపులు కొన్ని దొంగలెత్తుకుపోయారట. రాబిన్ హుడ్‌నే దోచుకున్నారన్నమాట!

ఇక అసలు కథ ఏదంటావా వరుణ్, దాన్ని వెతుక్కుంటూ ఎంత వెనక్కి పోయినా ఒక మనిషి కనబడడు, ఒక పేరే కనబడుతుంది. 1226లో యార్క్ కోర్టు లెక్కల్లో రాబర్ట్ హోడ్ అని ఒకడున్నాడు. పారిపోయాడని రాసి, వాడి సామాను విలువ 32 షిల్లింగుల 6 పెన్నీలని లెక్క కట్టారు. అంతే, ఇంకో ముక్క లేదు. 1262లో మరోచోట విలియం అనే పరారీవాణ్ణి గుమాస్తా "రోబెహోడ్" అని రాసుకున్నాడు. అంటే అప్పటికే అది మనిషి పేరుగా కాక దొంగలకు పెట్టే ముద్దుపేరుగా మారిందని చరిత్రకారులు అనుకుంటారు. ఆ తర్వాత వందేళ్లకు, 1377 ప్రాంతంలో, విలియం లాంగ్లండ్ అనే కవి తన కావ్యంలో ఒక సోమరి పాదిరీని పెట్టాడు. ఆ పాదిరీ "నాకు ప్రార్థన సరిగా రాదుగానీ రాబిన్ హుడ్ పాటలు మాత్రం వచ్చు" అంటాడు. క్లాసు పుస్తకం రాకపోయినా సినిమా పాటలన్నీ వచ్చినట్టు. మనింట్లో అలాంటివాళ్లు ఎవరూ లేరనుకో.

ఆ పాటలు మన చేతికి అందేసరికి పదిహేనో శతాబ్దం వచ్చింది. వాటిని చదివితే మీకు షాకే. రాబిన్ జమీందారు కాడు, కోటలో పుట్టినవాడు కాడు. "యోమన్" అంటారు. కూలీ కాదు, దొరా కాదు, తన కాళ్లమీద తాను నిలబడ్డ మధ్యతరగతివాడు. ఎక్కువగా తిరిగేది షేర్వుడ్‌లో కూడా కాదు, యార్క్‌షైర్‌లోని బార్న్స్‌డేల్‌లో. రాజు రిచర్డ్ కాదు, ఎడ్వర్డ్. రాబిన్ ముఠాలోని లిటిల్ జాన్, మచ్, విల్, వాళ్లను వేటాడే రాజుగారి అధికారి షెరీఫ్, వీళ్లు మాత్రం మొదటినుంచీ ఉన్నారు. అడవిలో వీళ్లు పాత కాపులు.

పేదలకు పంచడం? అది వేళ్లమీద లెక్కపెట్టేంత. పెద్ద పాట ఒకటుంది, దాదాపు 1500లో అచ్చయింది. అందులో అప్పుల్లో మునిగిన ఒక నైట్‌కు నాలుగు వందల పౌన్లు అప్పిస్తాడు. ఇచ్చేది అప్పు, అదీ గుర్రమెక్కి తిరిగే ఒక పెద్దమనిషికి! పేదలకు మేలు చేశాడన్న మాట ఆ పాట చిట్టచివర ఒక్కసారి వస్తుంది. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని తర్వాతివాళ్లు ఇంత కథ అల్లారు.

ఇంకో సంగతి చెప్పాలా వద్దా అని ఆలోచించాను. మీరు పెద్దవాళ్లవుతున్నారు కాబట్టి చెబుతున్నా. 1450 ప్రాంతపు రాతప్రతిలో ఒక పాట ఉంది. రాబిన్‌ను ఒక సన్యాసి పట్టిస్తాడు. దారిలో లిటిల్ జాన్ ఆ సన్యాసిని చంపుతాడు. అతనితో ఉన్న చిన్న పిల్లవాణ్ణి, వాడు వెళ్లి ఎవరికీ చెప్పకూడదని, మచ్ చంపేస్తాడు. ఆ మచ్ ఎవరో గుర్తుపట్టారుగా? తిండి కోసం గొణుగుతూ, రాబిన్ వెనకాలే తిరుగుతూ, మనల్ని నవ్వించి చంపిన ఆ మచ్చే. పాత పాటలో పిల్లవాడి తల తీసినవాడు, టీవీలో పులుసు కాచేవాడయ్యాడు.

2006లో అలా తీస్తే ఊరుకుంటారా? శనివారం సాయంత్రం, ఇంటిల్లిపాదీ సోఫాలో కూచుని చూసే టైముకు వచ్చిన సీరియల్ అది. అందుకే ఆ రాబిన్ వీలైనంతవరకూ ఎవర్నీ చంపనంటాడు. బాణాలు తాళ్లకూ చొక్కా చేతులకూ తగులుతాయి. అయితే దానికి వాళ్లు ఒక కారణం పెట్టారు చూడండి, అది నాకు నచ్చింది. అతను జెరూసలేం కోసం ముస్లింలతో జరిగిన మతయుద్ధంలో ఐదేళ్లు ఉండి వచ్చాడు, చంపడం మీద విసుగు పుట్టి వచ్చాడు. చేతిలో ఉన్నది కూడా పాత పాటల్లోని పొడవాటి ఇంగ్లీషు విల్లు కాదు, అక్కడి శత్రువుల దగ్గర చూసిన పొట్టి వంపు విల్లు. ఆ సీరియల్ వచ్చేనాటికి బ్రిటన్ సైనికులు ఇరాక్‌లోనూ అఫ్ఘానిస్తాన్‌లోనూ ఉన్నారు. ఇంట్లో కూచుని చూస్తున్నవాళ్లకు అది ఎనిమిది వందల ఏళ్లనాటి యుద్ధంలా అనిపించి ఉండదు.

స్నిగ్ధ ఒక మాట అడిగింది, "అవుట్‌లా అంటే దొంగేనా?" అని. సరిగ్గా కాదమ్మా. మనం బందిపోటు అంటాం, గజదొంగ అంటాం, అవి వాడు చేసే పనిని బట్టి వచ్చిన పేర్లు. అవుట్‌లా అన్నది ప్రభుత్వం వాడికి చేసిన పనిని బట్టి వచ్చింది. కోర్టు వరసగా పిలిచినా రాకపోతే వాణ్ణి చట్టం బయటికి నెట్టేసేవారు. ఇక వాడికి ఆస్తి లేదు, ఫిర్యాదు చేసే హక్కు లేదు. వాడి తల తోడేలు తలతో సమానం, చంపినవాడికి శిక్ష ఉండదు. మన పల్లెల్లో వెలి వేయడం విన్నారుగా? నిప్పూ నీళ్లూ ఇవ్వరు, పలకరించరు. అలా ఒక ఊరు కాక, దేశంలోని చట్టమే వెలి వేసిందనుకోండి. అలాంటివాడు ఇంకెక్కడికి పోతాడు, అడవికే.

ఆ అడవీ అందరిదీ కాదు. అప్పట్లో "ఫారెస్ట్" అంటే చెట్లున్న చోటు అని కాదు, రాజు వేట కోసం ప్రత్యేక చట్టం కింద పెట్టుకున్న నేల అని. అందులో ఊళ్లూ పొలాలూ కూడా ఉండేవి. పొలంలో పడి మేస్తున్న జింకను కొట్టినా నేరమే. 1217లో ఒక శాసనం వచ్చి, జింకను చంపినందుకు ఇకమీదట ఎవరికీ ప్రాణం గానీ అవయవం గానీ తీయకూడదని చెప్పింది. అలా రాయాల్సి వచ్చిందంటే అంతకు ముందు ఏం చేసేవారో మీరే ఊహించుకోండి.

సరే, మారియన్. ఆమె మొదట ఫ్రాన్సు పాటల్లో గొర్రెలు కాసే పిల్ల. అక్కడ ఆమె ప్రియుడి పేరు కూడా రాబిన్, కానీ అతను వేరు, దొంగ కాదు. ఇంగ్లండులో మే నెలలో ఊరి జాతరలు జరిగేవి. ఆ ఆటల్లో రాబిన్ హుడ్ వేషం ఉండేది, మారియన్ వేషమూ ఉండేది. పక్కపక్కన ఆడి ఆడి ఇద్దరూ జంటైపోయారు. ఆ జాతరల్లో మారియన్ వేషం చాలాచోట్ల మగవాళ్లే కట్టేవారు, మన కూచిపూడిలో సత్యభామ వేషంలాగే. బొద్దు సన్యాసి టక్ కూడా ఆ ఆటల్లోంచే ఈ కథలోకి నడిచొచ్చాడు. కాబట్టి స్నిగ్ధా, పెట్టినవాళ్లు ఊరివాళ్లు, చంపినవాళ్లు టీవీవాళ్లు. చంపడం నాకూ నచ్చలేదు. రాత్రుళ్లు ముసుగేసుకుని పేదల గడపల్లో తిండి పెట్టిపోయే పిల్లను, రాబిన్ కంటే ముందునుంచే ఆ పని చేస్తున్నదాన్ని, కథలోంచి తీసేస్తే మిగిలేది ఏముంది? మూడో సీజన్ చూస్తే మీకే తెలుస్తుంది, పప్పులో ఉప్పు తగ్గినట్టుంటుంది.

రాబిన్‌కు జమీ వచ్చింది నాటకాలవల్ల. 1598లో ఆంథొనీ ముండే అనే లండన్ రచయిత రెండు నాటకాలు రాసి, రాబిన్‌ను హంటింగ్టన్ ప్రభువును చేశాడు. దొర అన్యాయంగా అన్నీ పోగొట్టుకున్నాడంటే స్టేజీ మీద జాలి ఎక్కువ పుడుతుంది కదా. మన పాత జానపద సినిమాల్లో పశువుల కాపరి చివరికి రాజకుమారుడని తేలినట్టు! రిచర్డ్ రాజు కాలానికి కథను మార్చింది మాత్రం అంతకు ముందే, 1521లో, జాన్ మెయిర్ అనే స్కాట్లండ్ పండితుడు. దానికి ఆధారమేమీ చూపించలేదు. కానీ ఆ మాట అతుక్కుపోయింది, 1819లో వాల్టర్ స్కాట్ నవల వచ్చాక ఇక ఊడలేదు.

ఇక్కడే నాకు పేచీ. మా స్కూల్లో ఇంగ్లీషు నాన్‌డిటైల్డ్‌లో ఈ కథ ఉండేది. "మంచి రాజు రిచర్డ్ తిరిగొచ్చాడు, ప్రజల కష్టాలు తీరాయి" అని బట్టీ పట్టి రాశాను, మార్కులూ వచ్చాయి. పెద్దయ్యాక చదివితే ఆ మంచి రాజు పదేళ్ల పాలనలో ఇంగ్లండులో ఉన్నది మొత్తం ఆరు నెలలు. 1191లో ఆ మతయుద్ధంలోనే ఎకర్ నగరం లొంగిపోయాక బందీలను, దాదాపు 2,700 మందిని, నరికించాడు. తిరిగొస్తూ 1192లో ఆస్ట్రియాలో పట్టుబడితే, విడిపించడానికి అడిగిన సొమ్ము లక్షా యాభై వేల వెండి మార్కులు (మార్కు అంటే అప్పటి డబ్బు లెక్క). అది ఎవరి దగ్గర పిండారు? ఆ పల్లెటూళ్ల దగ్గరే. అంటే మనం సీరియల్లో షెరీఫ్‌ను తిట్టుకున్న పన్నులు చాలావరకూ ఆ మంచి రాజు ఖర్చు. సీరియల్ వాళ్లు యుద్ధాన్ని అంత ధైర్యంగా ప్రశ్నించి, రాజు దగ్గరికొచ్చేసరికి కొంచెం మొహమాటపడ్డారనిపించింది నాకు.

ఇక ఈ సీరియల్ ముఠాలో వరుణ్‌కు ఇష్టమైన జాక్. మగవాడి వేషంలో, చచ్చిపోయిన అన్నదమ్ముడి పేరు పెట్టుకుని తిరిగే సారసెన్ (ముస్లింలను అప్పట్లో యూరప్ వాళ్లు అలా అనేవారు) పిల్ల సఫియా. వైద్యం, రసాయనాలు తెలిసిన మనిషి. ఆ పాత్ర వేసిన అంజలీ జే భారతీయ మూలాలున్న నటి, అందుకే మీ అమ్మమ్మ "మన పిల్లలా ఉందే" అంది. అడవిలోకి ఇలా తూర్పు దేశపు మనిషిని తేవడం వీళ్లతో మొదలవలేదు. 1984లో ఐటీవీ అనే బ్రిటన్ ఛానల్లో వచ్చిన రాబిన్ ఆఫ్ షేర్వుడ్‌లో నాసిర్ అని ఒకడు వచ్చాడు. మొదటి కథలోనే చచ్చిపోవాల్సిన పాత్ర. తీస్తున్నవాళ్లకే నచ్చి బతికించారు. ఆ తర్వాత ముఠాలో అలాంటి ఒక మనిషి లేకపోతే వెలితిగా అనిపించే స్థితి వచ్చింది. 2006 నాటికి వాడి చోట్లో ఒక ఆడపిల్ల నిలబడింది. మూడో సీజన్లో టక్ వస్తాడు, డేవిడ్ హేర్‌వుడ్ అనే నల్లజాతి నటుడు, బొద్దుగా ఉండడు, తాగి పడిపోడు. ఇలా మార్చకూడదని విసుక్కున్నవాళ్లూ ఉంటారు. వాళ్లనడిగి చూడండి, మారియన్‌ను మాత్రం ఉంచమంటారు.

నాకు వీటన్నిటికంటే ఇష్టమైన ముచ్చట 1955 నాటిది. అప్పుడు ఇంగ్లండు టీవీలో రిచర్డ్ గ్రీన్ హీరోగా 143 ఎపిసోడ్లు నడిచాయి. తీయించింది హానా వైన్‌స్టీన్ అనే అమెరికావిడ. అక్కడ హాలీవుడ్‌లో కమ్యూనిస్టులన్న ముద్ర వేసి కొందరు రచయితలకు పనే దొరక్కుండా చేశారు. వాళ్లలో రింగ్ లార్డ్‌నర్ జూనియర్ జైలుకు కూడా వెళ్లొచ్చాడు. అలాంటివాళ్లతో ఆవిడ దొంగ పేర్ల మీద ఈ ఎపిసోడ్లు రాయించింది. వెలి పడ్డవాళ్లు పేరు దాచుకుని వెలి పడ్డవాడి కథ రాశారు. పన్నులు కట్టలేనివాడి గోడూ, పక్కవాణ్ణి పట్టించమని చేసే ఒత్తిడీ ఎలా ఉంటాయో వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అన్నట్టు, మన మచ్ వేషం కట్టిన శామ్ ట్రౌటన్ ఉన్నాడే, వాళ్ల తాతగారు పాట్రిక్ ట్రౌటన్ 1953లో బీబీసీలోనే రాబిన్ హుడ్‌గా వేశాడు. తాత నాయకుడు, మనవడు వంటవాడు. వరుణ్, నువ్వు మాత్రం నవ్వకు.

మనకూ ఇలాంటివాడున్నాడు కదా అని మీరు అడిగేలోపు నేనే చెబుతా. సర్వాయి పాపన్న. తెలంగాణలో కల్లుగీత కుటుంబంలో పుట్టి, 1708లో వరంగల్ మీద పడి దోచి, 1710లో ప్రాణం పోగొట్టుకున్నాడు. జనం పాట కట్టుకున్నారు, బాయిల్ అనే తెల్లవాడు ఆ పాటను 1874లో అచ్చువేయించాడు కూడా. తేడా ఒక్కటే. పాపన్నను మొగలుల చరిత్ర రాసిన ఖాఫీ ఖాన్ తిట్టి మరీ రాసిపెట్టాడు కాబట్టి మనిషి ఉన్నాడన్నది ఖాయం. రాబిన్‌కు ఆ తిట్టే దిక్కు కూడా లేదు, 32 షిల్లింగుల 6 పెన్నీలు తప్ప.

ఇంకో మాట. దసరా సెలవులకు వచ్చేదాకా మూడో సీజన్ మొదలుపెట్టకండి, కలిసే చూద్దాం. మీ అమ్మమ్మ నల్ల తోలు చొక్కా గై గురించి అడుగుతోంది. పాత పాటలో అతను గుర్రం తోలు కప్పుకుని వస్తాడు, రాబిన్ అతని తల నరికి మొహం కూడా గుర్తుపట్టకుండా చెక్కేస్తాడు అని చెప్పాను. "అయ్యో పాపం" అంది. మారియన్‌ను చంపిన రోజున శాపనార్థాలు పెట్టిన మనిషే. మళ్లీ వస్తాడా అంటోంది. వస్తాడని చెప్పాను, ఎలా వస్తాడో చెప్పలేదు. మీరూ చెప్పకండి.

మీ
తాతయ్య