ఒక్క బొమ్మ 4,400 డాలర్లు: ల్యాండ్‌శాట్ వెనక పాత పేచీ

ఆకాశం నుంచి నేలను ఫొటో తీసే అమెరికా ఉపగ్రహాల వరస ల్యాండ్‌శాట్. అవి తీసిన బొమ్మ కావాలంటే ఇవాళ పైసా ఇవ్వక్కర్లేదు. 1972 నుంచి పోగుపడ్డ వాటిలో కావలసినది ఎవరైనా, ఏ దేశం నుంచైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. మొదట్నుంచీ ఇంతేనేమో అనుకుంటాం. కానీ ఒకప్పుడు ఒక్కో బొమ్మ 4,400 డాలర్ల దాకా పలికింది. 2018లో కూడా మళ్లీ రుసుము పెడదామా అని అమెరికా ప్రభుత్వం ఆలోచించింది. ఆకాశం నుంచి నేలను ఫొటో తీస్తే ఆ ఖర్చు ఎవరు భరించాలన్న పేచీ, మొదటి ఉపగ్రహం ఎగరక ముందే మొదలైంది.

1966 సెప్టెంబర్‌లో అమెరికా ఇంటీరియర్ మంత్రి స్టూవర్ట్ ఉడాల్, భూవనరులను గమనించే ఉపగ్రహాలు తమ శాఖే పంపుతుందని ప్రకటించారు. ఇంటీరియర్ అంటే మన హోం శాఖ లాంటిది కాదు. ప్రభుత్వ భూములు, గనులు, జాతీయ పార్కుల వ్యవహారాలు చూస్తుంది. ఈ ఆలోచన వెనక ఉన్నది ఆ శాఖ కిందే ఉన్న జియలాజికల్ సర్వే డైరెక్టర్ విలియం పెకోరా. ఇంటీరియర్ శాఖ దగ్గర రాకెట్ లేదు, సరిపడా డబ్బూ లేదు. చంద్రుడి మీద మనిషిని దింపే హడావిడిలో ఉన్న నాసాకు ఈ పని మీద అంత ధ్యాస లేదు. విమానాలతో అయ్యే పనికి ఉపగ్రహం దేనికని బడ్జెట్ అధికారులు అడ్డుపడ్డారు. అయినా ఉడాల్ ప్రకటన ఊరికే పోలేదు, నాసా కదిలింది.

1972 జూలై 23న కాలిఫోర్నియాలోని వాండెన్‌బర్గ్ నుంచి తొలి ఉపగ్రహం ఈఆర్‌టీఎస్-1 ఎగిరింది. ల్యాండ్‌శాట్ అన్న పేరు 1975లో వచ్చింది. అందులో ప్రధాన పరికరం ఆర్‌సీఏ కంపెనీ చేసిన టీవీ తరహా కెమెరాలు. హ్యూస్ కంపెనీలో వర్జీనియా నార్వుడ్ రూపొందించిన స్కానర్‌ది పక్కవాయిద్యం స్థానం. అందులో ఒక అద్దం సెకనుకు పదమూడుసార్లు అటూ ఇటూ ఊగుతూ నేలను చారలు చారలుగా చూస్తుంది. వచ్చిన వెలుగును ఆకుపచ్చ, ఎరుపు, కంటికి కనబడని రెండు పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) పట్టీలుగా విడదీస్తుంది. ఎండిన చేనుకూ పచ్చటి చేనుకూ తేడా ఆ పరారుణంలోనే కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఊగే అద్దం అంతరిక్షంలో నాలుగు కాలాలు నిలుస్తుందా అని అప్పటి నిపుణులకు అనుమానం. నమూనా యంత్రాన్ని ట్రక్కులో యోసెమిటీ జాతీయ పార్కుకి తీసుకెళ్లి, హాఫ్ డోమ్ కొండను స్కాన్ చేసి చూపించాల్సి వచ్చింది. తీరా కక్ష్యలోకి వెళ్లాక, కొద్ది వారాల్లోనే కరెంటు సరఫరాలో లోపం వచ్చి కెమెరాలను ఆపేశారు. పక్కవాయిద్యమే కచేరీ నడిపింది, 1978 జనవరి దాకా. కెనడాలోని లాబ్రడార్ తీరానికి దూరంగా, ఏ పటంలోనూ లేని ఒక రాతి దీవి కూడా ఆ బొమ్మల్లోనే బయటపడింది. నిడివి 45 మీటర్లు. పేరు ల్యాండ్‌శాట్ దీవి! సరిచూడటానికి హెలికాప్టర్ నుంచి తాడుతో దిగిన సర్వేయర్ మీద ధ్రువపు ఎలుగుబంటి పంజా విసిరింది.

యంత్రం గట్టిదే, తంటా అంతా యాజమాన్యంతో వచ్చింది. 1984లో అమెరికా కాంగ్రెస్ ల్యాండ్‌శాట్‌ను వ్యాపారానికి అప్పగిస్తూ చట్టం చేసింది. మరుసటి ఏడాది ఆ బాధ్యత ఈయోశాట్ కంపెనీ చేతికి వెళ్లింది. దాన్ని పెట్టింది ఎవరో కాదు, ఆ హ్యూస్, ఆర్‌సీఏలే. ధరలు ఆకాశాన్నంటాయి. అంతకంటే పెద్ద నష్టం మరొకటి ఉంది: కొనేవాడు లేని చోట ఫొటోలు తీయడం తగ్గింది. నేల బొమ్మకు అసలు విలువ ఇరవై ఏళ్ల తర్వాత, పక్కన ఇంకో బొమ్మ పెట్టి పోల్చినప్పుడు కదా. తీయని బొమ్మను తర్వాత ఏ ధరకూ కొనలేం. ఆ ఏళ్ల ఖాళీలు ఇప్పటికీ భాండాగారంలో ఉన్నాయి. 1989లోనైతే నిధులు లేవని, పనిచేస్తున్న ఉపగ్రహాలనే ఆపేయమన్నారు. ఆఖరి నిమిషంలో డబ్బు దొరికింది. 1992లో మరో చట్టం కార్యక్రమాన్ని మళ్లీ ప్రభుత్వం కిందికి తెచ్చింది. 1993లో ల్యాండ్‌శాట్ 6 కక్ష్యకు చేరకుండానే పోయింది.

అన్నేళ్లూ పరువు కాపాడింది ల్యాండ్‌శాట్ 5. మూడేళ్ల కోసం చేసి 1984లో పంపితే 2013 దాకా తిరిగింది. 1999లో ల్యాండ్‌శాట్ 7 వచ్చింది, బొమ్మ ధర 600 డాలర్లకు దిగింది. 2003 మేలో దానికి దెబ్బ తగిలింది. అద్దం పక్కకు ఊగే లోపల ఉపగ్రహం ముందుకు జరిగిపోతుంది. ఆ జరుగుబాటును సరిచేసే చిన్న పరికరం పాడై, ప్రతి బొమ్మలో 22 శాతం నేల చారలుగా ఎగిరిపోయింది. గీతలు పడ్డ బొమ్మకు 600 డాలర్లు పెట్టేదెవరు?

2008లో జియలాజికల్ సర్వే భాండాగారం మొత్తాన్ని ఉచితం చేసింది. బ్రెజిల్ అప్పటికే 2004లో తన సీబర్స్ ఉపగ్రహ బొమ్మలను ఉచితంగా ఇచ్చి దారి చూపింది. అంతకుముందు బాగా అమ్ముడుపోయిన ఏడాదిలో కూడా అమెరికా సంస్థ రోజుకు 53 బొమ్మలే అమ్మింది. తలుపులు తెరిచాక లెక్క రోజుకు వేలల్లోకి పోయింది. 2013లో మేరీలాండ్ విశ్వవిద్యాలయ బృందం ప్రపంచ అడవుల హెచ్చుతగ్గుల పటం గీయడానికి ఆరున్నర లక్షలకు పైగా ల్యాండ్‌శాట్ 7 బొమ్మలు వాడింది. పాత ధరకు కొనాలంటే 39 కోట్ల డాలర్లు! అంత గ్రాంటు ఇచ్చే సంస్థ నాకైతే తెలియదు.

ఇప్పుడు గొడవ తర్వాతి తరం గురించి. మూడు ఉపగ్రహాలతో తలపెట్టిన ల్యాండ్‌శాట్ నెక్స్ట్‌కు ఖర్చు మరీ ఎక్కువని, తక్కువలో తేలే దారి చూడమని 2025లో అమెరికా ప్రభుత్వ బడ్జెట్ ప్రతిపాదన చెప్పింది. ప్రస్తుతానికి ల్యాండ్‌శాట్ 8, 2021లో వెళ్లిన ల్యాండ్‌శాట్ 9 కలిసి ఎనిమిది రోజులకోసారి ప్రతి చోటునూ చూస్తున్నాయి. వాటిలో ఎనిమిదోదాన్ని ఐదేళ్ల కోసం కట్టారు. అది కక్ష్యలోకి వెళ్లింది 2013 ఫిబ్రవరిలో.