స్టార్ట్ కాని ప్రతి పికప్‌కూ ఈసీఎం పోయినట్టు కాదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఆటోనగర్‌లో మా షాపుకు వచ్చే ఫోన్లలో ఎక్కువగా వినపడే ప్రశ్న: "అన్నా, పికప్‌కి ఈసీఎం ఎంత పడుద్ది?" ఈసీఎం అంటే ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్ పెట్టె. బండికి ఏమైందని అడిగితే "సెల్ఫ్ తిరుగుతోంది గానీ స్టార్ట్ కావట్లేదు, ఈసీఎం పోయిందన్నారు" అంటారు. ఎవరన్నారు? స్టాండులో పక్క బండి డ్రైవరు, ఫోన్లో చూసిన వీడియో, లేదంటే చేతిలో స్కానర్ (బండిలోని ఫాల్ట్ కోడ్లు చదివే మిషన్) ఉన్న ఎవరో ఒకరు.

ఫోన్ చేసేవాళ్లలో చాలామంది సొంత బండి తోలుకునేవాళ్లే. బండి కిరాయికి తిరిగితేనే కిస్తీ కడతారు. రెండు రోజులు షెడ్డులో ఉంటే రెండు రోజుల బేరం పోయినట్టే. వాళ్ల టెన్షన్ నాకు తెలుసు. ఆ టెన్షన్‌లో ఉన్న మనిషికి పదుల వేల సామాను అంటగట్టడం తేలిక కాబట్టే ఇది రాస్తున్నా.

అపోహ: స్కానర్ ఈసీఎం అని చూపించింది, కాబట్టి ఈసీఎం మార్చాల్సిందే.

వాస్తవం: ఏ సామాను మార్చాలో స్కానర్ చెప్పదు. ఈసీఎం తన పిన్నుల దగ్గర ఏం చూస్తోందో అదే చెబుతుంది, అంతే. "యూ0100" అని కోడ్ వస్తే బండిలో మిగతా మాడ్యూళ్లకు (చిన్న కంప్యూటర్లకు) ఈసీఎం నుంచి జవాబు రావట్లేదని అర్థం. జవాబు రాకపోవడానికి ఈసీఎం కాలిపోయి ఉండొచ్చు. మెయిన్ రిలే పనిచేయకపోయినా, ఫ్యూజు పోయినా, ఎర్త్ తుప్పు పట్టినా, మాడ్యూళ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ వైరు తెగినా అదే కోడ్ వస్తుంది. ఇంట్లో కరెంటు లేదని టీవీ మారుస్తామా?

"పీ0606" వచ్చిందని ఫొటో పంపేవాళ్లూ ఉన్నారు. అది ప్రాసెసర్ కోడే, కాదనను. కానీ బ్యాటరీ దిగిపోయి, సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజ్ బాగా పడిపోయే బండ్లలో కూడా అది కనిపిస్తుంది. ముందు మంచి బ్యాటరీ పెట్టి, కోడ్ చెరిపి, మళ్లీ వస్తుందేమో చూడాలి.

మరి ఈసీఎం పోయిందని ఎలా తేల్చాలి? దానికి అందాల్సినవన్నీ అందుతున్నాయని రుజువైన తర్వాతే దాని మీద అనుమానపడాలి. తాళం ఆన్ చేసినప్పుడు డ్యాష్‌బోర్డులో ఇంజన్ చెక్ లైటు వెలగడం లేదా, స్కానర్ కూడా ఈసీఎంతో కలవడం లేదా? అయితే మొదట చూడాల్సింది దానికి వచ్చే పవరు, ఎర్తు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. మల్టీమీటర్ పెడతారు, 12 చూపిస్తుంది, "సప్లై బానే ఉంది, ఈసీఎమ్మే" అనేస్తారు. వైరు లోపల అన్ని పోగులూ తెగి ఒక్క పోగు మిగిలినా మీటర్ 12 చూపిస్తుంది, ఎందుకంటే మీటర్ కరెంటు దాదాపుగా లాగదు. అదే లైనుకు ఇండికేటర్‌లో వాడే 21 వాట్ల బల్బు పెట్టి చూడండి. వైరు బాగుంటే బల్బు నిండుగా వెలుగుతుంది. ఒక్క పోగు మీద నడుస్తుంటే మిణుకుమంటుంది, లేదా వెలగదు. (ఈ బల్బు పవర్, ఎర్త్ లైన్లకు మాత్రమే. సెన్సార్ వైర్లకు పెట్టారంటే అప్పుడు నిజంగానే ఈసీఎం కొనాల్సి వస్తుంది.)

ఎర్త్ సంగతీ అంతే. మీటర్ ఒక కొస బ్యాటరీ నెగెటివ్‌కి, రెండోది ఈసీఎం ఎర్త్ పిన్నుకి పెట్టి సెల్ఫ్ కొట్టించండి. 0.1, మహా అయితే 0.2 వోల్టులు దాటకూడదు. అర వోల్టు, వోల్టు చూపిస్తుంటే బ్యాటరీ ట్రే కింద బోల్టు దగ్గరో, ఇంజన్ ఎర్త్ స్ట్రాప్ దగ్గరో తుప్పు ఉంటుంది. చేపలు, రొయ్యలు మోసే బండ్లలో ఇది మరీ ఎక్కువ. ఐసు కరిగిన నీళ్లు ఎక్కడెక్కడికో కారతాయి.

క్యాన్ లైనుకైతే బ్యాటరీ తీసేసి, ఓబీడీ కప్లర్‌లో (స్కానర్ తగిలించే చోటు) 6, 14 పిన్నుల మధ్య ఓమ్స్ చూడాలి. 60 దగ్గర ఉంటే సరే. 120 వస్తే ఒక వైపు తెగింది. సున్నా దగ్గరికి పోతే రెండు వైర్లూ ఎక్కడో కలిశాయి.

పోయిన మామిడి సీజన్‌లో నూజివీడు వైపు నుంచి ఒక పికప్‌ను తాడు కట్టి లాక్కొచ్చారు. అప్పటికే వేరే చోట స్కానర్ పెట్టించాడు ఓనరు. యాక్సిలరేటర్ పెడల్, బూస్ట్ సెన్సార్, రైల్ ప్రెషర్ సెన్సార్, అన్నిటికీ కోడ్లు. "ఇన్ని సెన్సార్లు ఒకేసారి పోవు, ఈసీఎమ్మే పోయింది" అని చెప్పి పంపారట. ఆ మాటలో మొదటి సగం కరెక్టే. కానీ ఆ సెన్సార్లన్నిటికీ ఉమ్మడిగా ఉండేది ఈసీఎం ఒక్కటే కాదు, దాన్నుంచి బయటికొచ్చే 5 వోల్టుల లైను కూడా. బూస్ట్ సెన్సార్ కప్లర్ ఊడదీసి మీటర్ పెడితే 5 ఉండాల్సిన చోట 0.2 ఉంది. సెన్సార్లు ఒక్కొక్కటే పీకుతూ వచ్చాం, అంకె కదల్లేదు. అన్నీ పీకేశాక కూడా అంతే. ఓనరు నోట మాట లేదు, ఈసీఎం అని తేలిపోయిందనుకున్నాడు. ఇంజన్ వెనక క్లాంపు ఊడి, వైరింగ్ కట్ట ఇనుప బ్రాకెట్ మీద పడి ఉంది. దాన్ని పైకెత్తగానే మీటర్ 4.98కి లేచింది. వదిలితే మళ్లీ కిందికి. టేపు విప్పితే ఒక వైరు తోలు అరిగిపోయి, రాగి బ్రాకెట్‌కు రాసుకుంటోంది. చిన్న అతుకు, స్లీవు, కొత్త క్లాంపు వేస్తే సరిపోయింది. ఆయన అప్పటికే ఈసీఎం కోసం వడ్డీకి డబ్బు తెచ్చి జేబులో పెట్టుకునున్నాడు.

ఆ బండికి కొత్త ఈసీఎం పెట్టినా అవే కోడ్లు వచ్చేవి. ఇంకా ఘోరం ఏంటంటే, కొన్ని షార్టులు కొత్తదాన్ని కూడా తినేస్తాయి. ఇంజెక్టర్ వైరు బాడీకి తగిలి పాతదాంట్లో ఆ ఇంజెక్టర్‌ను నడిపే డ్రైవర్ సర్క్యూట్ కాలితే, ఆ వైరును అలాగే ఉంచి కొత్తది బిగిస్తే ఏమవుతుంది? పాతది ఎందుకు పోయిందో చెప్పలేని మెకానిక్ చేత కొత్తది పెట్టించొద్దు.

నిజంగా ఈసీఎంలు పోయే దారులు కూడా చెబుతా. పికప్‌లలో నేను చూసేవి ముఖ్యంగా మూడు. బ్యాటరీ డౌన్ అయితే పక్కనున్న లారీ నుంచి కేబుళ్లు కలపడం: లారీది 24 వోల్టులు, మీది 12. రెండోది వెల్డింగ్. వెనక బాడీ కట్టేటప్పుడో, ఛాసిస్‌కు పట్టీ వేయించేటప్పుడో బ్యాటరీ కనెక్షన్ తీయరు. బాడీ బిల్డర్ దగ్గర బండి వదిలేముందు బ్యాటరీ టెర్మినల్, ఈసీఎం కప్లర్ రెండూ తీయించండి. మూడోది నీళ్లు. 2024 సెప్టెంబర్ బుడమేరు వరదలో విజయవాడ సింగ్‌నగర్ వైపు మునిగిన బండ్లకు జరిగిన నష్టంలో కొంత వరద తగ్గాక జరిగింది. "స్టార్ట్ అవుతుందేమో చూద్దాం" అని తాళం తిప్పారు. తడిసిన బోర్డులోకి కరెంటు వెళ్తే పిన్నులు పచ్చగా చిలుము పట్టి తినేస్తాయి. మునిగిన బండికి తాళం తిప్పొద్దు, బ్యాటరీ తీయండి, ఇన్సూరెన్స్ వాళ్లకు ఫోన్ చేయండి. ఎండలో పెడితే ఆరిపోతుందనేది పైపై మాట, బోర్డు కింద చేరిన తేమ, మట్టి అలాగే ఉంటాయి.

అపోహ: స్క్రాప్‌లో అదే మోడల్ ఈసీఎం దొరికితే పెట్టుకుంటే చాలు.

వాస్తవం: పెట్టె ఒకేలా ఉంటుంది, కప్లర్ కూడా సరిగ్గా కూర్చుంటుంది. లోపల సాఫ్ట్‌వేర్ వేరు. బీఎస్4 బండిదీ, 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 బండిదీ ఒకటి కావు (బీఎస్ అంటే పొగ మీద ప్రభుత్వం పెట్టిన నిబంధనల స్థాయి). స్టిక్కర్ మీద పార్ట్ నంబరుతో పాటు సాఫ్ట్‌వేర్ నంబరు కూడా కలవాలి. కలిసినా ఇమ్మొబిలైజర్ (వేరే తాళంతో స్టార్ట్ కాకుండా ఆపేది) ఉన్న బండి మీ తాళాన్ని గుర్తించదు. సెల్ఫ్ తిరుగుతుంది గానీ స్టార్ట్ కాదు, లేదా రెండు సెకన్లు స్టార్ట్ అయి ఆగిపోతుంది. అప్పుడు "ఇది కూడా పోయినదే" అని మూడోది వెతుకుతారు.

ఇంజెక్టర్ కోడ్ల సంగతి ఇంకా ఎక్కువమంది వదిలేస్తారు. కామన్ రైల్ ఇంజెక్టర్లు చాలావాటి తల మీద అక్షరాలు, అంకెలు కలిసిన కోడ్ ఉంటుంది. ఏ సిలిండర్‌కు ఏ కోడో కొత్త ఈసీఎంలో రాయాలి. రాయకపోతే బండి నడుస్తుంది గానీ నాకింగ్, పొగ, మైలేజ్ డౌన్. పాత ఈసీఎం స్కానర్‌తో ఇంకా మాట్లాడుతుంటే పీకకముందే అందులోని వివరాలన్నీ చదివించి దాచుకోండి. బీఎస్6 బండికైతే డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) లెక్కలు కూడా. ప్రోగ్రామింగ్ జరుగుతున్నంతసేపూ బ్యాటరీకి సపోర్ట్ చార్జర్ పెట్టి ఉండాలి, మధ్యలో వోల్టేజ్ పడిపోతే కొత్తది అక్కడికక్కడే పనికిరాకుండా పోవచ్చు.

మిగతావి త్వరగా. బ్యాటరీ తీస్తే ఈసీఎం పాడవుతుందా? కాదు. ఐడిల్ కాసేపు అటూ ఇటూ అవుతుంది, సర్దుకుంటుంది. కానీ ఇంజన్ నడుస్తుండగా తీయొద్దు. బ్యాటరీ తీసి పెడితే ఈసీఎం బాగైపోతుందా? కోడ్ చెరిగితే చెరుగుతుంది, జబ్బు అలాగే ఉంటుంది. పైగా తర్వాత చూసేవాడికి ఆధారం పోతుంది, దయచేసి స్కాన్ చేయించేదాకా చెరపకండి. ఈసీఎం మారిస్తే మైలేజ్ పెరుగుతుందనే ప్రచారానికి జవాబు చెప్పే ఓపిక నాకు లేదు.

రిపేరు అవుతుందా అంటే, కొన్ని అవుతాయి. కాలిన ఇంజెక్టర్ డ్రైవర్, సోల్డర్ వదిలేసిన పిన్ను లాంటివి బోర్డు పనిలో చేయి తిరిగినవాళ్లు బాగుచేస్తారు, ఇమ్మొబిలైజర్ గొడవ కూడా ఉండదు. ప్రాసెసర్ పోతే, నీళ్లు బోర్డంతా తినేస్తే మాత్రం డబ్బు వృథా. వారంటీ ఉన్న బండైతే పెట్టె విప్పనివ్వకండి. ఏది చేయించినా పవరు, ఎర్తు, 5 వోల్టుల రీడింగులు బిల్లు మీద రాయించుకోండి. తీసేసిన ఈసీఎం మీ సొత్తు, అడిగి తెచ్చుకోండి.