కోడ్‌కు మగ్గం కనబడదు

పోచంపల్లి నూలు చిటికి (ఇక్కత్) గుడ్డ తానుగా ఐరోపా రేవుకు చేరితే సాధారణ సుంకం 8 శాతం. అదే గుడ్డను కుర్తీగా కుట్టి పంపితే 12 శాతం. దారం మారలేదు, రంగు మారలేదు, మధ్యలో కత్తెర పడింది, కస్టమ్స్ కోడ్ మారింది.

ఒకప్పుడు మగ్గానికీ లెక్క ఉండేది. 1974లో వచ్చిన మల్టీ ఫైబర్ ఒప్పందం (బట్టల వ్యాపారంపై దేశాల మధ్య ఒప్పందం) ధనిక దేశాలకు దిగుమతులపై కోటాలు, అంటే పరిమితులు, పెట్టుకునే వీలిచ్చింది. కానీ దాని 12వ అధికరణం చేనేత గుడ్డనూ, ఆ గుడ్డతో కుటీర పరిశ్రమలో చేత్తో చేసిన వస్తువులనూ కోటా నుంచి తప్పించింది. షరతు ఒక్కటే, ఇది చేమగ్గం సరుకేనని ధ్రువపత్రం. 2004 డిసెంబరు 31తో కోటాలు పోయాయి, వాటితోపాటు ఆ మినహాయింపు అవసరమూ పోయింది. మిగిలింది 1988 నుంచి ప్రపంచమంతా వాడుతున్న హార్మొనైజ్డ్ కోడ్, అంటే సుంకం వేయడానికి ప్రతి సరుకుకూ ఇచ్చే అంకె. చీర గుడ్డల ఆరంకెల కోడ్‌లో చేనేతకు విడిగా గడి లేదు. నేతగాళ్లకు నిజంగా జరిగిన నష్టం ఇదే.

కోడ్ చూసేది దారాన్ని, బరువును, కుట్టును. కోడ్‌లో మొదటి రెండంకెలు అధ్యాయం: పట్టు గుడ్డ 50వ అధ్యాయం, నూలు గుడ్డ 52, అల్లిక దుస్తులు 61, నేసిన గుడ్డతో కుట్టినవి 62. చీరకు కుట్టు లేదు గనుక మన టారిఫ్‌లో (సుంకాల పట్టికలో) అది గుడ్డే. పట్టు చీర 5007 20 10 కింద వస్తుంది.

గద్వాల చీర దగ్గర చాలామంది తడబడతారు. ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు, పైన జరీ. అమ్మేది పట్టు పేరుతోనే అయినా కోడ్‌ను తేల్చేది తూకం. ఏ దారం బరువు ఎక్కువుంటే ఆ అధ్యాయమే. జరీలో లోహమూ లోపలి దారమూ కలిపి ఒకే పదార్థంగా తూచాలి. ఇన్‌వాయిస్‌లో ‘సిల్క్ శారీ’ అని మాత్రమే రాస్తే రేవులో నమూనా పరీక్షకు వెళ్లి సరుకు ఆగిపోవచ్చు. బరువు శాతాలు రాయాలి.

కుట్టని డ్రెస్ మెటీరియల్ గుడ్డా, దుస్తా అన్న గందరగోళం 2017 అక్టోబరు 27 నాటి జీఎస్టీ సర్క్యులర్‌తో తీరింది. తాను నుంచి కోసి సెట్‌గా కట్టినంత మాత్రాన అది దుస్తు కాదు, గుడ్డే. జీఎస్టీకీ కస్టమ్స్ టారిఫ్ వర్గీకరణే ఆధారం.

కుట్టాక గుండీలూ లెక్కే. ముందువైపు ఎడమ మీదికి కుడి వస్తే ఆడవాళ్లది, కుడి మీదికి ఎడమ వస్తే మగవాళ్లది. ఎవరిదో తేలకపోతే ఆడవాళ్ల శీర్షికలోకే (నాలుగంకెల కోడ్‌లోకే) వెళ్తుంది. హార్మొనైజ్డ్ కోడ్ 2022 సవరణ తర్వాత నడుము కింద జేబున్న కుర్తీ 6206 బ్లౌజుల్లోకి రాదు. పాత కోడ్‌తోనే బిల్లు వేసేవాళ్లు ఇంకా ఉన్నారు. కుర్తీకి జేబు పెట్టించే ముందే, సరుకు వెళ్లే దేశంలో 6211కు (ఇతర దుస్తుల శీర్షికకు) సుంకం ఎంతో చూసుకుని ధర చెప్పాలి.