బావిలో పోతేనే లెక్క

బెంగళూరులో కె.ఆర్.పురం అవతల మా అపార్ట్‌మెంటుకు రెండు పార్కింగ్ అంతస్తులున్నాయి. రెండూ నేల కిందే. మామయ్య తెలంగాణ నుంచి మొదటిసారి వచ్చినప్పుడు కింది అంతస్తులో కారు దిగి, చుట్టూ ఒకసారి చూసి, స్తంభాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఒకదాని మీద అరచేత్తో చరిచి, "వీటిని ఎప్పుడు తీస్తారు?" అన్నాడు. బావ పగలబడి నవ్వాడు. నాకు ఆ హాస్యం అందడానికి కాస్త సమయం పట్టింది.

మామయ్య ముప్పై మూడేళ్ళు బొగ్గు బావుల్లో పనిచేశాడు, చివరి పన్నెండేళ్ళు మైనింగ్ సర్దార్‌గా. మా వైపు బొగ్గు గనిని గని అనరు, బావి అంటారు. బావిలో బొగ్గు తీసే పాత పద్ధతి అచ్చం మా పార్కింగులాగే ఉంటుంది. బొగ్గు పొరలో అడ్డంగా, నిలువుగా దారులు తవ్వుకుంటూ పోతారు. మధ్యలో మిగిలిన బొగ్గు దిమ్మెలే స్తంభాలై పైకప్పును మోస్తాయి. హద్దుదాకా వెళ్ళాక వెనక్కి తిరిగి, ఆ స్తంభాలను కూడా కోసుకుంటూ వస్తారు. దీన్నే డిపిల్లరింగ్ అంటారు. స్తంభం తీసిన చోట కప్పు కూలాలి. కూలకుండా వేలాడితేనే భయం, ఎందుకంటే ఆ బరువంతా మనుషులు నిలబడిన చోటి కప్పు మీదికి జరుగుతుంది. కూలాలి, కానీ మనిషి పక్కకు వచ్చాక కూలాలి. ఆ సమయం చెవితో తెలుసుకోవడం సర్దార్ పని. కర్రతో కప్పు మీద కొడతాడు. గట్టి రాయి ఖంగుమంటుంది. పొర విడిన రాయి తడిసిన డప్పులా మోగుతుంది.

పైకప్పు కూలి మనిషి చనిపోతే వార్త వస్తుంది, విచారణ జరుగుతుంది, ధన్‌బాద్‌లో ఒక రికార్డులో సంఖ్య చేరుతుంది. అదే మనిషి పదవీ విరమణ తర్వాత ఇంట్లో దగ్గి దగ్గి చనిపోతే ఏ రికార్డులోనూ చేరడు. ఈ తేడా ఎక్కడ మొదలైందో వెతుక్కుంటూ వెళ్తే, విచిత్రంగా, బెంగళూరుకు వంద కిలోమీటర్ల దూరానికే తిరిగి వచ్చాను.

దారి చూపింది మా కాంప్లెక్సులోనే ఉండే, కోలార్ గనుల ఊరు రాబర్ట్‌సన్‌పేట నుంచి వచ్చిన పెద్దాయన. ఆ బంగారు గనుల్లోనే పనిచేసి విరమణ తీసుకున్నవారు. తాతలు చిత్తూరు వైపు నుంచి వలస వెళ్ళారట. ఆయన తెలుగులో పావు వంతు కన్నడం, ఇంకో పావు వంతు తమిళం. మామయ్యకు బెంగళూరులో దొరికిన మొదటి స్నేహితుడు ఆయనే. సాయంత్రం బెంచీ మీద కూర్చుని ఇద్దరూ కిందికి దిగిన లోతుల గురించి వాదించుకుంటారు. ఆ వాదనలో బంగారమే గెలుస్తుంది. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతు. అక్కడ రాతి వేడి 60 డిగ్రీలు దాటుతుంది. అంత లోతులో పైకప్పు కూలడం చిన్న మాట. ఒత్తిడికి గోడ రాయే బాంబులా పేలుతుంది.

1897లో కోలార్‌లోని మైసూర్ గనిలో మంటలు రేగి 52 మంది చనిపోయారు. ఆ రోజుల్లోనే బలూచిస్తాన్‌లోని ఖోస్ట్ బొగ్గు గనిలో 47 మంది పోయారు. అప్పటికి ప్రభుత్వం చేసిందల్లా 1894లో జేమ్స్ గ్రండీ అనే ఒకాయనను గనుల ఇన్‌స్పెక్టరుగా నియమించడం. ఈ రెండు ప్రమాదాల తర్వాత చట్టం పని వేగం పుంజుకుంది. 1901 మార్చి 22న తొలి గనుల చట్టం, 1902 జనవరి 7న కలకత్తాలో తనిఖీ కార్యాలయం వచ్చాయి. 1908లో ఆ కార్యాలయం ధన్‌బాద్‌కు మారింది. నేటి గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ దాని వారసురాలే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. 1901 చట్టం బ్రిటిష్ ఇండియాకు చేసింది. కోలార్ ఉన్నది మైసూరు సంస్థానంలో. తెలుగువాళ్ళు బొగ్గు తవ్వుతున్న ఇల్లెందు ఉన్నది నిజాం రాజ్యంలో. చట్టం రావడానికి తమ చావును కారణంగా ఇచ్చినవాళ్ళకు ఆ చట్టం దానంతటదే వర్తించలేదన్నమాట. అదే 1902లో శివనసముద్రం నుంచి దాదాపు 147 కిలోమీటర్ల తీగ లాగి కోలార్ గనులకు కరెంటు ఇచ్చారు. బెంగళూరు వీధి దీపాలకు ఆ కరెంటు 1905లో గానీ అందలేదు. యంత్రానికి ఏది ముందు కావాలో మనవాళ్ళకు ఎప్పుడూ స్పష్టంగానే తెలుసు.

ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును 1871లో గుర్తించింది జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్. 1886లో ఇంగ్లండులో నమోదైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు తీసుకుంది, 1889లో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబరు 23న అది సింగరేణి కాలరీస్ అయింది. ఆ తేదీనే ఇప్పటికీ సింగరేణి దినోత్సవంగా జరుపుతారు. బెల్లంపల్లి, కొత్తగూడెం, 60వ దశకంలో గోదావరిఖని, ఇలా బావి వెంట ఊరు, ఊరి వెంట సైరన్. మొదటి షిఫ్టు సైరన్‌తో ఇంటి గడియారాలు సరిచేసుకున్న పిల్లలే ఇప్పుడు బెంగళూరు మారతహళ్ళిలో రాత్రి షిఫ్టులు చేస్తున్నారు.

స్వాతంత్ర్యం తర్వాత 1952లో దేశమంతటికీ ఒక గనుల చట్టం, 1957లో బొగ్గు గనుల నిబంధనలు వచ్చాయి. ఆ నిబంధనలను ఎవరైనా శ్రద్ధగా చదివితే అవి స్మృతిచిహ్నాల్లా కనిపిస్తాయి. ప్రతి వాక్యం వెనకా ఎవరో ఉన్నారనిపిస్తుంది. ఉదాహరణకు, నీళ్ళు లేవని తేలని పాత పనులకు, అంటే తవ్వి వదిలేసిన చోట్లకు, 60 మీటర్ల లోపలికి అనుమతి లేకుండా తవ్వకూడదు. వినడానికి ఇంత తేలికైన నియమం లేదు. కానీ అది పటం మీద ఆధారపడిన నియమం. పాత గని ఎక్కడిదాకా తవ్వారో చూపే పటం తప్పయితే 60 మీటర్లను ఎక్కడి నుంచి కొలుస్తారు? 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గర చాస్నాలాలో పై పొరల పాత పనుల్లో నిలిచిన నీరు ఒక్కసారిగా కిందికి విరుచుకుపడి 375 మంది చనిపోయారు. దిగువ కోర్టు ఇద్దరు మాజీ అధికారులకు ఏడాది జైలు శిక్ష వేసింది 2012లో. లెక్క చూస్తే 36 ఏళ్ళు.

సింగరేణికి నీటి గండం 2003 జూన్ 16న వచ్చింది. గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్ళు చొరబడి 17 మంది పోయారు. సరిగ్గా నాలుగు నెలలకు, అక్టోబరు 16న, గోదావరిఖని 8ఏ గనిలో పైకప్పు కూలి 10 మంది. ఆ ఏడాది గురించి అడిగితే మామయ్య మాట్లాడడు, లేచి మంచినీళ్ళు తాగడానికి వెళ్తాడు. 2021 నవంబరు 10న శ్రీరాంపూర్ ఎస్ఆర్‌పీ 3లో కప్పు కూలి నలుగురు, 2022 మార్చి 7న అడ్రియాల లాంగ్‌వాల్‌లో ముగ్గురు. అడ్రియాల ఆధునిక యంత్రాల గని. యంత్రం వచ్చినా కప్పు కప్పే.

ఈలోగా బావుల స్వభావమే మారిపోయింది. 90వ దశకం మొదట్లో లక్షా 16 వేల మంది ఉన్న సింగరేణిలో ఇప్పుడు పర్మనెంటు కార్మికులు సుమారు 40 వేలు. ఉత్పత్తిలో సింహభాగం నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టులదే. అక్కడ కప్పు ఉండదు గనుక కూలదు, కానీ డంపర్లు ఉంటాయి, పేలుడు పదార్థాలు ఉంటాయి, కాంట్రాక్టు కార్మికులు ఉంటారు. 2020 జూన్ 2న రామగుండం ఓపెన్‌కాస్టులో పేలుడుకు బలైన నలుగురూ కాంట్రాక్టు కార్మికులే.

ఇక గాయాల సంగతి. మామయ్య ఎడమ చిటికెన వేలికి చివరి కణుపు లేదు. రెండు టబ్బుల (బొగ్గు బండ్ల) మధ్య నలిగింది. 1952 చట్టంలో దానికి చోటుండేది: శరీర భాగం పోయినా, ఎముక విరిగినా, చూపో వినికిడో శాశ్వతంగా దెబ్బతిన్నా అది తీవ్ర గాయం. అంతకంటే చిన్నదైతే, మనిషి 72 గంటలు లేదా అంతకు మించి పనికి రాలేకపోయినప్పుడే అది నివేదించవలసిన గాయం అయ్యేది. 71 గంటలకు మస్టర్ (హాజరు) పడితే ఆ చట్టం దృష్టిలో ఆ నొప్పి లేనట్టే. ఎక్కడో ఒకచోట గీత గీయాలి, కాదనను. కానీ గీత గీసినచోటల్లా దాని కింద ఉండిపోదామనే ఆశ కూడా పుడుతుంది. ప్రమాదాల గణాంకాల్లో నేను మరణాల వరసను నమ్మినంతగా గాయాల వరసను నమ్మకపోవడానికి కారణం ఇదే.

మామయ్య వేలు అలా లెక్కలో ఉంది. ఊపిరితిత్తుల మాటకు వస్తే మళ్ళీ కోలార్‌కు వెళ్ళాలి.

మన దేశంలో సిలికోసిస్‌ను మొదట నమోదు చేసింది అక్కడే, 1934లో. రాతి ధూళిలోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరి, అక్కడి మెత్తని కణజాలాన్ని మచ్చకట్టి బిగుసుకుపోయేలా చేస్తుంది. మచ్చ వెనక్కి తగ్గదు. దుమ్ములో పని మానేసినా జబ్బు ముదురుతూనే ఉంటుంది. 1940లో మైసూరు సంస్థానం ఈ జబ్బుకు పరిహార నియమాలు తెచ్చింది. ఆ దశకంలో అక్కడ 7,653 మందిని పరీక్షిస్తే సగానికి కాస్త తక్కువ మందిలో జబ్బు కనిపించింది. వెతికితే దొరుకుతుందని తేల్చిన అధ్యయనం అది. కోలార్ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. రాతి విస్ఫోటాల అధ్యయనానికి పుట్టిన రాక్ మెకానిక్స్ సంస్థ 1988 నుంచి కోలార్ గనుల ఊరు కేజీఎఫ్‌లో ఉండి, తర్వాత బెంగళూరుకు వచ్చింది. రాయి మీద పరిశోధన రైలెక్కి నగరానికి వచ్చింది. పరీక్ష చేయవలసిన ఊపిరితిత్తులు కూడా అక్కడి మారికుప్పం రైలుబండిలో రోజూ నగరానికి వస్తూ పోతూ ఉండేవి, ఎవరూ ఆపి అడగకపోయినా.

బొగ్గులో దీని సోదరి ఉంది: బొగ్గు దుమ్ముతో వచ్చే న్యుమోకోనియోసిస్. రెండూ పరిహార చట్టం షెడ్యూలులో ఉన్న వృత్తి వ్యాధులే. గని కార్మికుడికి ఐదేళ్ళకు మించకుండా వైద్య పరీక్ష, ఎక్స్‌రే తీయాలని నియమం. అయితే అది ఉద్యోగంలో ఉన్నవాడికి. జబ్బేమో తరచూ ఉద్యోగం దిగాక బయటపడుతుంది. అందుకే దేశం మొత్తం మీద అధికారికంగా నమోదయ్యే కేసులు కొన్ని సంవత్సరాల్లో వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని ఉంటాయి. లక్షల మంది దుమ్ము పీల్చిన పరిశ్రమలో ఆ సంఖ్య ఆరోగ్యానికి గుర్తని నేను అనుకోను.

సింగరేణి ఊళ్ళలో దీనికి ఇంకో చిక్కుముడి ఉంది. అక్కడ అన్‌ఫిట్ అన్న మాట విని ఎవరూ ఉలిక్కిపడరు. తండ్రి వైద్యపరంగా అన్‌ఫిట్ అయితే కొడుక్కి ఉద్యోగం వస్తుంది గనుక అది ఇంటిల్లిపాదీ ఎదురుచూసే మాట. వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టేసింది, తర్వాత అవి కారుణ్య నియామకాల పేరుతో అన్‌ఫిట్ దారిలోనే నడిచాయి. నిజంగా ఊపిరాడనివాడికీ, పిల్లవాడి బతుకు కోసం ఊపిరాడకపోతే బాగుండునని కోరుకున్నవాడికీ ఒకటే పదం మిగిలింది. పర్మనెంటు ఉద్యోగం అంత అపురూపమైన చోట దీనికి కార్మికుణ్ణి తప్పుపట్టలేను. కానీ అసలు జబ్బు ఎంత ఉందో చెప్పగలిగిన ఒక్క వాకిలీ అలా ఉద్యోగాల వరసకు వాకిలి అయిపోయింది.

మామయ్యకు ఆ అవసరం రాలేదు. బావ ఇంజనీరింగ్ చదివి ఇక్కడికి వచ్చేశాడు. గత శ్రావణం నుంచి దగ్గు ఎక్కువైతే ఆయనను దగ్గరలోని ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరు నెల్లూరు అమ్మాయి. తెలుగు వినగానే మామయ్య ముఖం విప్పారింది.

"సిగరెట్ అలవాటుందా అంకుల్?"

"ఎప్పుడూ లేదమ్మా. బావిలోకి అగ్గిపెట్టె తీసుకుపోవడమే నేరం. దిగే ముందు జేబులు తడిమి పంపేవాళ్ళు."

ఆమె తలూపి రాసుకుంది. ఎక్స్‌రే, గాలి ఊదే పరీక్ష, రెండు ఇన్‌హేలర్లు. మెట్లు దిగుతూ బావ కేస్ షీటు తిప్పి చూశాడు. వృత్తి అన్నచోట వ్యవసాయం అని ఉంది. బావి అంటే ఆమె పొలం బావి అనుకుంది.

మళ్ళీ పైకి వెళ్ళాం. కౌంటర్‌లో అబ్బాయి కంప్యూటర్ చూసి, ఎక్కిపోయింది సార్, వచ్చేసారి డాక్టరుగారితో చెప్పి మార్పించుకోండి అన్నాడు. వచ్చేసారి అంటే ఆరు వారాలు.